నిండు విమానం ఎందుకు దిగాలి?

ఆ రోజుల్లో, అంటే మరీ వెనకటి మాటేం కాదు లెండి, నాకు చదువు కొత్త. అరవై దాటాక అక్షరాలు దిద్దుకున్నాను కాబట్టి, ఆ లెక్కన అప్పుడు నాది చిన్నతనమే. రాజమండ్రి విమానాశ్రయంలో కనపడ్డ తెలుగు బోర్డల్లా పైకి చదువుతుంటే, "నోర్ముయ్యవే, అందరూ చూస్తున్నారు" అని మా ఆయన సిగ్గుపడ్డారు. మర్నాడు హైదరాబాదులో ఆయనకి గుండె ఆపరేషను. రైల్లో అంతసేపు కూర్చోలేరని మా వాళ్లు విమానం ఎక్కించారు. "ఆవేశపడనివ్వకండమ్మా, ప్రాణానికే ముప్పు" అని డాక్టరుగారు మరీ మరీ చెప్పి, నాలుక కింద పెట్టే మాత్రలు నా చేతికిచ్చారు.

విమానం పైకెళ్లి కుదురుకుందో లేదో, ఒక్కసారిగా కిందకి జారింది. దేవుణ్ణి తలుచుకోవాల్సింది పోయి, నడవకి అవతల కూర్చున్న భీమవరం చేపల చెరువుల రాజుగారి చెయ్యి పట్టేసుకున్నాను. (నా గోళ్లు దిగిపోయినా చెయ్యి లాక్కోలేదు, పాపం.) పైలట్ మైకులో ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. రాజుగారు నాకు విడమర్చారు. "ఎదురుగా ఇంకో విమానం వచ్చిందంటండి. దాన్ని పైకెళ్లమని, మనల్ని కిందకి దిగమని మిషనే చెప్పేసిందంట. ఇంక భయం లేదండి."

నాకు ఊపిరొచ్చింది. మా ఆయనకి కోపమొచ్చింది.

"మనవాడెందుకు దిగాలండీ?"

వయసంతా కాలవ గట్ల మీద వరి మోపుల బండి తోలిన మనిషి. గట్టు మీద రెండు బళ్లు ఎదురైతే ఖాళీ బండి వాలులోకి దిగి దారివ్వాలి, నిండు బండి దిగదు. "ఇక్కడ ఒక్క సీటు ఖాళీ లేదు. అవతలోడిది ఖాళీయేమో కనుక్కోండి!"

"అదీ నిండేనేమోనండి" అన్నారు రాజుగారు, ఉన్నమాట దాచడం చేతకాక.

మా ఆయన మొహం నల్లబడింది. చెమటలు పట్టాయి. చెయ్యి గుండె మీదకెళ్లింది, అరుపు మాత్రం ఆగలేదు. నాలుక కింద మాత్ర పెట్టబోతే ఉమ్మేశారు. మనిషి నా కళ్లముందే పోయేలా ఉన్నారు.

"అవతల దాంట్లో పురిటికెళ్లే పిల్ల ఉందంటండి" అనేశాను.

పురిటి బండి ఎదురైతే, మా వైపు ఎంత నిండు బండైనా దిగాల్సిందే. ఆయన అరుపు ఠక్కున ఆగింది.

"ఆ ముక్క ముందే చెప్పొద్దటే! మంచిపని చేశాడు మనవాడు" అని బుద్ధిగా నోరు తెరిచి మాత్ర పెట్టించుకున్నారు. రాజుగారు కిటికీ వైపు తిరిగి మీసాల్లో నవ్వుకున్నారు.

మర్నాడు ఆపరేషను గదిలోకి తోసుకెళ్తుంటే, బండి ఆపించి మరీ నన్ను దగ్గరికి పిలిచారు. ఏ పొలం సంగతో, పిల్లల సంగతో చెప్తారనుకుని వంగాను.

"ఆ పిల్లకి ఏం పుట్టిందే?"

"మీరు వచ్చాక చెప్తాలెండి" అన్నాను.

ఆయన రాలేదు.

అంత పెద్ద అబద్ధం గుక్క తిప్పుకోకుండా ఆడినదాన్ని, ఆ చిన్న అబద్ధం దగ్గర తడుముకున్నానే అని తలుచుకుంటే, అప్పటి నన్ను చూసి నాకే నవ్వొస్తుంది. ఆడపిల్ల అని చెప్పేసుంటే, ఓ పేరు కూడా పెట్టేసి లోపలికెళ్లేవారు.