రంగు దిగిన గుడ్డ

నా చిన్నప్పుడు మా చందానగర్‌కు దగ్గర్లో కొత్త ఫ్యాక్టరీ వచ్చి, ఆఫీసర్ల కోసం క్వార్టర్లు కట్టారు. అప్పటిదాకా పరుపులు కుట్టే మా నాయన, ఆ ఇళ్లలోని సోఫాలను చూసి, వాటికి గుడ్డ వేసే పని మొదలుపెట్టాడు. కుట్టడం చేతనవును గానీ, సోఫా గుడ్డ టోకున ఎక్కడ దొరుకుతుందో, ఎవరిని నమ్మాలో ఆయనకు తెలియదు. పట్నం వెళ్లి, ఎక్కిన మొదటి దుకాణంలోనే చవకగా వస్తోందని ఎర్రగా మెరిసే గుడ్డ తాను ఒకటి తెచ్చాడు.

ఆ గుడ్డను ఒక ఇంజనీరు గారింటి సోఫాలకు వేశాడు. వాళ్లమ్మాయికి పెళ్లిచూపులు. మంచి ఎండాకాలం. చెమట పట్టిన వీపులతో మగపెళ్లివారు కూర్చున్నారు. లేచేసరికి వాళ్ల తెల్లబట్టల నిండా ఎర్రరంగు.

మర్నాడు కబురొస్తే నాయన నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. ఇంజనీరు గారి భార్య కోప్పడలేదు. "చక్కగా కుట్టారనే అనుకున్నామండీ. వచ్చినవాళ్ల ముందు తలెత్తుకోలేకపోయాం" అని మాత్రం అంది. తిట్టినా బాగుండేది. లోపలి గదిలో ఆ అమ్మాయి ఉందని తెలిసి నేను అటువైపు చూడలేకపోయాను.

"తప్పు నాదేనమ్మా. గుడ్డ చూసుకోకుండ తెచ్చిన" అని నాయన నేలమీద కూర్చుని, తాను కొట్టిన మేకులు తానే పీకి ఆ గుడ్డ ఊడదీశాడు.

తర్వాతి సెలవునాడు ఉతికిన ధోవతి కట్టుకుని, నన్ను తీసుకుని మళ్లీ పట్నం బయలుదేరాడు. ప్రతి టోకు దుకాణంలోనూ గుడ్డ కొస తడిపి తన ధోవతికేసి రుద్దేవాడు. ఒకచోట పచ్చరంగు అంటింది, ఇంకోచోట నీలం. "ఏందయ్యా, గుడ్డ కొంటవా, దోతికి రంగేసుకుంటవా?" అని గుమాస్తాలు నవ్వారు. నాకు సిగ్గుతో ఏడుపొచ్చింది. "ఇగ పోదాం నాయినా" అన్నాను.

"జర ఆగు బిడ్డా. ఈ సిగ్గు నా ఒక్కనిదే. ఆడ, ఆ ఇంటోళ్లందరికీ తెచ్చిపెట్టిన" అన్నాడు.

చివరికి ఒక ముసలి సేటు మాత్రం నవ్వకుండా సంగతేమిటని అడిగాడు. నాయన ఏదీ దాచకుండా చెప్పాడు. సేటు లోపల్నుంచి వేరే తాను తెప్పించి, ఓ ముక్క కత్తిరించి చేతికిచ్చాడు. "తీస్కపో. ఉతుకు, ఎండల ఎయ్యి. రంగు పోతే మల్ల నా దుకాణం ఎక్కకు."

రంగు పోలేదు. పని సాగినన్నాళ్లూ నాయన గుడ్డ అక్కడే తెచ్చాడు.

ఇంజనీరు గారి సోఫాలకు ఆ గుడ్డే ఊరికే వేసిచ్చాడు. బాగుందన్నారు. కానీ ఆ సంబంధం కుదరలేదు. రంగు వల్లనే తప్పిపోయిందో, మరే కారణముందో వాళ్లు చెప్పలేదు. అడిగే ధైర్యం నాయనకు లేకపోయింది. ఆయన పోయేదాకా ఆ మాట మా ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు.

ఇప్పుడు నాకు మనవరాళ్లున్నారు. ఈ వయసులోనూ నా చేత్తో చేసిందేదైనా ఒకరికి ఇచ్చేటప్పుడు లోపల చిన్న బెరుకు కలుగుతుంది. అది పోవాలని నేనెన్నడూ కోరుకోలేదు.