పట్టు నేసేవాళ్లకు పురుగు కథ

ఆ రోజుల్లో ఎవరేమడిగినా ‘తెలియదు’ అనడం నాకు చేతనయ్యేది కాదు. కొత్తగా ఎంబీఏ పూర్తి చేసి, పెనుకొండ నుంచి హిందూపురానికి రోజూ బస్సులో వెళ్లొస్తూ, ఒక పట్టుచీరల కంపెనీలో ప్రొబేషన్ మీద ఉన్నాను. ఉద్యోగం ఖాయమైపోయిందని ఇంట్లో అప్పటికే కోతలు కోసేశాను. నాయన అది నమ్మి వీధంతా చెప్పి, నాకోసం బైకు కూడా మాట్లాడాడు. (నిజం చెప్పడానికి మంచి సమయం కోసం చూస్తుండగానే రంగు కూడా ఎంపిక చేసేశాడు.)

అలాంటప్పుడు మా మేనేజరు, అంటే ఆఫీసంతా ‘బెంగళూరు సారు’ అని పిలిచే ఆయన, నాకొక పని అప్పగించారు. ధర్మవరంలోని మా మగ్గాల షెడ్డుకు ఇకమీద డిజైన్లు ఫోన్లో వస్తాయి, వచ్చిన వారంలోనే మగ్గమెక్కాలి. దీనికి నేతవాళ్లను ఒప్పించాలి. “ఆర్డరు వేసినట్టు చెప్పొద్దు. నీతికథలా చెప్పు. మార్పు కథల్లోనే తలకెక్కుతుంది. నేనూ వచ్చి వెనక కూర్చుంటాను. వాళ్లు ఒప్పుకుంటే నీ ఉద్యోగం ఖాయం” అన్నారు.

రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని ఒక కథ అల్లాను. ఒక పిరికి పురుగు గూడు కట్టుకుని అందులోనే ముడుచుకుని ఉంటుంది. చివరికి ధైర్యం చేసి, గూడు చీల్చుకుని, రెక్కలతో బయటికొస్తుంది. షెడ్డులో మగ్గాలాపించి, ముప్ఫై మందిని కూర్చోబెట్టి, ఫోన్లో వచ్చే డిజైన్ల సంగతీ వారం గడువూ ఒక ముక్కలో చెప్పి, దుప్పటి కప్పుకుని నేనే పురుగునయ్యాను. అదను చూసి దుప్పటి విసిరేసి, రెండు చేతులూ రెక్కల్లా ఆడిస్తూ షెడ్డులో ఒక చుట్టు తిరిగాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ముందు కూర్చున్న ముసలామె (షెడ్డులో అందరికీ ఆమె అవ్వే) నెమ్మదిగా అడిగింది. “ఆ గూడేమాయప్పా?”

“గూడు సంగతి వదిలెయ్ అవ్వా, పురుగు ఎగిరిపోయింది కదా.”

“అదే నేననేది. పురుగు చీల్చుకొని వస్తే పోగంతా తెగిపోతాది. ఆ గూడు ఎవురు కొంటారు? అందుకే కదా లోపలుండంగానే ఉడకబెట్టేది.”

నిజంగా నాకా సంగతి తెలియదు. పట్టుగూళ్ల మార్కెట్టు మా ఆఫీసు పక్కనే. ఇన్ని నెలలూ ఆ వాసనకు ముక్కు మూసుకుని నడిచానే తప్ప, ఆ గూళ్లను ఏం చేస్తారని ఒక్కరినీ అడిగిన పాపాన పోలేదు.

“ఏమబ్బా,” అన్నాడు వెనక నుంచి, అందరూ కళ్లద్దాల భాయ్ అని పిలిచే నేతాయన. “అంటే ఎగిరేవాళ్లు ఎగిరిపోవాల, ఉండేవాళ్లను కంపెనీ ఉడకబెడ్తాది. అంతేనా?”

షెడ్డంతా ఘొల్లుమంది. నవ్వులు ఆగాక ఒకామె మాత్రం నవ్వకుండా, “మమ్మల్ని పనిలోనుంచి తీసేస్తాండారా సార్?” అని సూటిగా అడిగింది. దాంతో కొందరు లేచి నిలబడ్డారు. బెంగళూరు సారు కళ్లు మూసుకున్నారు. నా కళ్ల ముందు బైకు కదిలింది.

అవ్వకు జాలేసినట్టుంది. “ఆ పిల్లోణ్ణి వదలండప్పా” అని నన్ను ఒక మగ్గం దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ ఇద్దరు నా కథతో పని లేకుండా కూర్చుని పాత పడుగు (మగ్గం మీది నిలువు పోగులు) కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతున్నారు. వేల పోగులు. “చూడు నాయనా. పాతది పీకి పారేయం. దానికే కొత్తది అతుకుతాం, అదే కొత్తదాన్ని లోపలికి లాక్కొని పోతాది. మిగతా మగ్గాల మీద ఇంకా రెండు చీరల పడుగు ఉండంగా, మధ్యలో డిజైను మార్చమంటే యాడ మార్చేది? అది అయిపోనీ. కొత్త పడుగుకు కొత్త డిజైను వేస్తాం. ఎవురు వద్దన్యారు?”

సారు లేచొచ్చి, ఎవరినీ తీసేసేది లేదని, వారం గడువూ వదిలేస్తామని చెప్పి సరేనన్నారు, వాళ్లూ సరేనన్నారు. నా రెండు రోజుల పని అవ్వ రెండు నిమిషాల్లో చేసేసింది.

తిరుగుదారిలో సారు నన్ను పెనుకొండ దాకా కార్లో తీసుకొచ్చారు. నేను కారు దిగుతుంటే అన్నారు, “వాళ్లు ఒప్పుకున్నారు, కానీ ఒప్పించింది నువ్వు కాదు. ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు. ఆ మూడు నెలలూ ఆ షెడ్డులోనే కూర్చో. కథలు మాత్రం వద్దు.”

ఇంటికెళ్లి నాయనకు ఉన్నదంతా చెప్పేశాను. ఆయన నా కంచంలో ముద్ద పెట్టాడు. “ఇంతమందికి చెప్పుకొంటిని గదరా,” అన్నాడు. “సరేలే, ఇంకా మూన్నెల్లు ఉండాదని అందరికీ నేనే చెప్తాలే. నువ్వు తిను.” ఆ ముద్ద మింగడానికి నేను పడ్డ కష్టం ఇంకే ముద్దకూ పడలేదు.

ఇప్పుడు ఆ కంపెనీలో నేనే మేనేజర్ని. కొత్తగా చేరిన పిల్లలు నాయకత్వం గురించి చీమల కథలూ తాబేళ్ల కథలూ చెబుతుంటే బుద్ధిగా వింటాను. అప్పుడు ముప్ఫై మంది ముందు చేతులాడిస్తూ తిరిగిన ఆ కుర్రాడు గుర్తొచ్చి సిగ్గేస్తుంది, ఆ వెంటనే నవ్వొస్తుంది. ఇప్పుడు నాకు చాలా సంగతులు తెలుసు, కానీ అంత నమ్మకంగా రెక్కలాడించమంటే మాత్రం నావల్ల కాదు. అందుకు కాస్త దిగులుగానే ఉంటుంది.