పెర్సిస్ బతిమాలలేదు

ఏసుకుమార్‌ని ఉద్యోగంలోంచి తీసేస్తుంటే పెర్సిస్ ఆఫీసులో అందరినీ పట్టుకుని ఏడ్చి బతిమాలిందని మా వీధిలో చెప్పుకుంటున్నారు. మొన్న స్త్రీల కూడికలో ఆ అమ్మాయి మంచి మనసు కోసం దేవుడికి స్తుతులు కూడా చెల్లించారు. పెర్సిస్ తల వంచుకుని ఆమెన్ అంది. నేను పక్కనే ఉన్నాను. అది అబద్ధం. ఆ మాట ఇక్కడితో ఆగాలనే ఇది రాస్తున్నాను.

పెర్సిస్ మా పక్కింటి పిల్ల. తండ్రి లేడు, తల్లి బడిలో వంట చేసి చదివించింది. చిన్నప్పటినుంచీ సర్దుడు పిచ్చి. మా ఇంటికొచ్చి నా పోపుల పెట్టె సర్దేసి పోయేది. మర్నాడు మెంతులు ఎక్కడున్నాయో నేను వాళ్ళింటికెళ్ళి అడగవలసి వచ్చేది. పెద్దయ్యాక ఏలూరులోనే, పవర్‌పేటలో మేడమీద ఉన్న ఒక చిన్న కంప్యూటర్ కంపెనీలో చేరింది. యంత్రాలు ఒకదానితో ఒకటి పంపుకునే కబుర్లని కనిపెట్టి చూసే ప్రోగ్రాం వాళ్ళు తయారు చేస్తారు. ఏ లైను బతికుంది, ఏది తెగింది, ఎక్కడ ఆలస్యమవుతోంది, అన్నీ అది చెబుతుంది. ఒకరి కబుర్లు ఇంకొకరు కనిపెట్టడం నాకు కొత్త విద్య కాదు గనక ఇట్టే అర్థమైంది.

ఆ ప్రోగ్రాంలో అందరికీ కావలసిన చిన్నచిన్న పనులుంటాయట. టైము లెక్కకట్టడం, పేర్లు పోల్చి చూడడం, యంత్రం ఎంతసేపు పలక్కపోతే లైను పోయినట్టో తేల్చడం లాంటివి. ఎవరికి వారే వాటిని తమ దగ్గర రాసి పెట్టుకున్నారు. చర్చి విందుకని వీధిలో తలో వంట గుండిగ కొనుక్కున్నట్టన్నమాట. అన్నీ ఏరి ఒక్కచోట పెట్టి, అందరూ అక్కడినుంచే వాడుకునేలా చెయ్యమని మేనేజరు గోపీచంద్ పెర్సిస్‌కి అప్పగించాడు. గోపీచంద్ మా మరిది కొడుకు, ఆఫీసు సంగతులన్నీ నాకు చెప్పింది అతనే. అప్పగిస్తూ ఇంకో మాట అన్నాడట. సర్దడం అయ్యాక ఆ ప్రోగ్రాం చూసుకోవడానికి ఇద్దరక్కర్లేదు, ఒకరు చాలు. ఆ ఇద్దరూ పెర్సిస్, ఏసుకుమార్.

ఏసుకుమార్‌ది మా ఎదురిల్లు. రోజూ పెర్సిస్‌ని తన బండి మీద ఆఫీసుకి తీసుకెళ్ళేవాడు. పని మాటలన్నీ ఇద్దరికీ దారిలోనే తెమిలిపోయేవి. ఆఫీసులో మిగతావాళ్ళకైతే రాసి పంపేవాడు. ఒకే వీధి, ఒకే చర్చి, వెనకాల కూర్చున్న పిల్లకి రాసి పంపడమేమిటని నోటితో చెప్పేసేవాడు.

కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులకీ ఈ ప్రోగ్రాం పెట్టారు. నీళ్ళలో ఆక్సిజన్ చూసే పెట్టె ఐదు నిమిషాలు పలక్కపోతే రైతు ఫోను మోగాలి. కరెంటు పోతే ఆ పెట్టెతోపాటు నీళ్ళు చిలికే ఏరేటరూ ఆగుతుంది, అది ఆగితే చేప ఎంతోసేపు బతకదు. ఆఫీసు కంప్యూటర్లకైతే గంట గడువు; భోజనానికి లేచిన ప్రతివాడికీ ఫోను కొడితే ఎవరూరుకుంటారు? చెరువులది ఏసుకుమార్ రాసిందే. రెండూ చూడడానికి ఒకేలా ఉంటాయి, అంకె ఒక్కటే తేడా. పెర్సిస్ రెండింటినీ ఒకటి చేసి గంట ఉంచింది.

కలిదిండిలో నరసరాజు చెరువుకి ఒక తెల్లవారుజామున కరెంటు పోయింది. ఫోను మోగేసరికి బొచ్చెలూ శీలావతులూ తెల్లటి పొట్టలతో గట్టు పొడుగునా తేలి ఉన్నాయి. మధ్యాహ్నం ఆయన ట్రే నిండా చచ్చిన చేపలు మోయించుకొచ్చి ఏసుకుమార్ బల్ల మీద, కీబోర్డు మీదే కుమ్మరించాడు. చెరువు దగ్గర పెట్టె బిగించడానికి వెళ్ళినవాడు ఏసుకుమారే గనక ఆయనకి తెలిసిన మొహం అదొక్కటే. గొంతు కూడా పెంచలేదట.

"లేవకండి బాబూ, కూర్చోండి. భోజనం వేళ కదా, కూరకి పనికొస్తాయని తెచ్చానండి," అన్నాడట.

చొక్కా మీద చిందిన చేపల నీళ్ళు ఆరకముందే గోపీచంద్ అందరినీ పిలిచి, ఏసుకుమార్‌ని నిలబెట్టి అడిగాడు, చెరువులకి గడువు వేరని ఎవరికైనా చెప్పావా అని.

"పెర్సిస్‌కి చెప్పానండి. మొన్న రైలు గేటు దగ్గర ఆగినప్పుడు," అని ఆమె వైపు తిరిగి చిన్నగా నవ్వాడు, తలూపుతుందని.

"నాకేం చెప్పలేదండి," అంది పెర్సిస్.

ఆ నవ్వు ఇంకాసేపు అతని మొహం మీదే ఉండిపోయిందని గోపీచంద్ నాకు నవ్వుతూ చెప్పాడు. రాసి ఉంటే చూపించమన్నారు. ఏముంది చూపించడానికి? ఆ పూటే తీసేశారు. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు బండి వెనక సీటు ఖాళీ. పెర్సిస్ ఆటోలో వచ్చింది, కంపు భరించలేక అని తల్లితో చెప్పిందట.

ఇంకో కంపెనీ వాళ్ళెవరైనా ఏసుకుమార్ గురించి ఫోను చేస్తే గోపీచంద్ చేపల కథ చెప్పి నవ్విస్తాడు. అందుకని ఏసుకుమార్ ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కొట్లో బిల్లులు కొడుతున్నాడు. ఇంటికొస్తూ మా వీధిలో నడుస్తుంటే పిల్లలు ముక్కులు మూసుకుంటారు, పెద్దవాళ్ళు వద్దనరు. పెర్సిస్ మర్నాడే చెరువులకి ఐదు నిమిషాలు మళ్ళీ విడిగా పెట్టింది. ఆ ప్రోగ్రామంతా ఇప్పుడామె చేతిలోనే ఉంది.

ఏసుకుమార్ తన తల్లి నిర్మలతో ఏమీ చెప్పలేదు. ఆవిడ వీధిలో చెప్పుకునే మాట నమ్మి, నా కొడుకు కోసం బతిమాలిన పిల్ల అని పెర్సిస్‌కి బొబ్బట్లు చేసి పంపింది. నేను వెళ్ళేసరికి పెర్సిస్ తింటోంది. నాకూ ఒకటి పెట్టింది. అది చేత్తో పట్టుకునే అడిగాను, అతను నీకు చెప్పాడా లేదా అని.

మింగి, మంచినీళ్ళు తాగి, నెమ్మదిగా అంది.

"చెప్పాడు మామ్మగారూ. గూడ్సు బండి గోలగా పోతుంటే అది వెళ్ళేదాకా ఆగి మరీ చెప్పాడు. మారుద్దామనుకుని మర్చిపోయాను. మీటింగులో నా వైపు తిరిగి నవ్వాడు చూడండి, అప్పుడర్థమైంది, నేనేమన్నా ఇతను ఎదురు చెప్పడని. ఇద్దరిలో ఒకరు పోవాలి కదండీ. నేనెందుకు పోతాను?"