సున్నా వెడల్పు పెట్టె

పద్దెనిమిదేళ్లు కుట్టుమిషను తొక్కి, ఆ పైన ఏడాది పాటు కోడు రాయడం నేర్చుకుని, ఆమె వెబ్‌సైట్లు తయారుచేసే ఆఫీసులో చేరింది. అందరూ ‘టైలరక్క’ అనేవారు. ఆమెకిచ్చిన మూడు నెలల గడువు ఆ సాయంత్రంతో ముగుస్తుంది. పిల్లల గణిత పాఠానికి ఆరు ఆకారాలు కావాలి. ఒక్క బొమ్మ కూడా అతికించకుండా, పేజీలోని పెట్టెలకు రంగూ రూపూ ఇచ్చే కోడైన స్టైల్ షీట్‌తోనే గీయాలి. పాత ఫోన్లలోనూ పేజీ చటుక్కున తెరుచుకోవాలన్నది మేనేజరమ్మ షరతు. గీస్తే ఉద్యోగం, లేకుంటే మళ్లీ మిషనే.

చతురస్రం, దీర్ఘచతురస్రం ఇట్టే వచ్చాయి. మూలలు గుండ్రం చేస్తే వృత్తమూ, దీర్ఘవృత్తమూ కుదిరాయి. త్రిభుజం దగ్గర మాత్రం బండి ఆగింది.

“పెట్టెకి మూడు మూలలెక్కడుంటాయక్కా? బొమ్మ గీసిస్తా, అతికించెయ్. ఎవరు చూడొచ్చారు?” అన్నాడు పక్కబల్ల దగ్గరి కళ్లజోడు కుర్రాడు.

“నువ్వు చూశావుగా, చాలదూ?”

పట్టుదలగా పెట్టె అంచులను మందం చేసి, ఒక్కో అంచుకు ఒక్కో రంగు వేసింది. మూలలో రెండు రంగులు ఏటవాలుగా కలిశాయి. దుప్పటికి పట్టీ వేసేటప్పుడు తాను కత్తిరించే ఏటవాలు అదే! పెట్టె వెడల్పూ ఎత్తూ సున్నా చేసింది. నాలుగు అంచులూ నడుమ కలుసుకుని నాలుగు త్రిభుజాలయ్యాయి. కింది దానికి ఎరుపు ఉంచి, తెల్లని పేజీలో కలిసిపోయేలా తక్కిన మూడింటికీ తెలుపు పూసింది.

మేనేజరమ్మ వచ్చి, పేజీకి లేత పసుపు వేయించింది. త్రిభుజం చుట్టూ తెల్లని ముక్కలు బయటపడ్డాయి.

“అతుకేశావా అక్కా?” కళ్లజోడు పకపకా నవ్వాడు.

ఆమె చెవులు వేడెక్కాయి. గుడ్డ రంగు చూడకుండా అస్తరు వేసిన దర్జీ పని ఇది.

“అయిదు నిమిషాలివ్వండి మేడమ్.”

“అయిదే.”

మూడు తెలుపులూ తీసేసి, ఆ చోట ‘పారదర్శకం’ అని అర్థమిచ్చే మాట రాసింది. పసుపు నిండుగా కనిపించింది. మేనేజరమ్మ నీలం వేయించింది, ఆకుపచ్చ వేయించింది. ఎరుపు త్రిభుజం చెక్కుచెదరలేదు. మిగిలిన నిమిషంలో ఒక దీర్ఘచతురస్రానికి పైనొకటి, కిందొకటి త్రిభుజాన్ని తగిలించి షడ్భుజినీ నిలబెట్టింది.

“రేపు తొమ్మిదింటికల్లా రా, ఆలస్యం చెయ్యకు,” అని మేనేజరమ్మ వెళ్లిపోయింది.

కళ్లజోడు గొంతు తగ్గించాడు. “ఆ మూల సంగతి నాకూ చెప్పవూ?”

“కుర్చీ ఇటు లాక్కో,” అంటూ ఆమె చేతిరుమాలు తీసి, అంచు ఏటవాలుగా మడిచి చూపసాగింది.