పెచ్చు గొంతు

పొద్దున్నే ఉప్పునీళ్ళు పుక్కిలించేదాకా మైకక్క ఎవరితోనూ మాట్లాడేది కాదు. పుక్కిలించాక కూడా మాట్లాడేది కాదు. బస్టాండు మైకులో మొదటి బస్సు పేరు చదివేదాకా ఒక్క మాటా ఖర్చు పెట్టకూడదని ఆమె నియమం. భర్తకు ఇది అలవాటైపోయింది. ఆయన బ్రెడ్డు వ్యాను నడుపుతాడు, తెల్లవారకముందే బయల్దేరాలి. తాళంచెవి కోసం తడుముకుంటుంటే ఆమె కళ్ళతోనే అది ఎక్కడుందో చూపించేది.

చిక్కల్లా అత్తగారితోనే. ఆవిడకు చెవుడు. పక్కగదిలోంచి "ఏమ్మా, లేచావా?" అని అడుగుతుంది. తలూపితే గోడ అవతలికి కనిపించదు, అరిస్తే తప్ప వినిపించదు.

"ఏ బస్సు ఎక్కడుందో ఊరందరికీ చెప్తావు. నువ్వు లేచావో లేదో నాకు మాత్రం చెప్పవు" అని ఆవిడ దెప్పుతుంది.

చెవి మిషను కొనిచ్చారు. కొన్నాళ్ళు పెట్టుకుని, చెవిలో పురుగు దూరినట్టుందని తీసి డబ్బాలో పడేసింది. "నాకు వినపడకపోవడమేమిటి? మీరే నోట్లో నోట్లో గొణుక్కుంటారు" అని ఆవిడ వాదన. అందుకని పగలంతా మైకులో మాట్లాడి వచ్చిన గొంతుతో, సాయంత్రం ఇంట్లో మైకు లేకుండా మాట్లాడాల్సి వచ్చేది.

మైకక్క అసలు పేరు బస్టాండులో చాలామందికి గుర్తులేదు. పై అంతస్తులో చిన్న గాజు గది, కాలు విరిగితే తాడు చుట్టి నిలబెట్టిన కుర్చీ, గుడ్డ కప్పిన మైకు. బస్సుల వేళలు, తప్పిపోయిన పిల్లలు, ఎవరో మరిచిపోయిన గొడుగులు, అన్నీ ఆ గదిలోంచే ఊరికి తెలిసేవి. ఇన్నేళ్ళలో ఆమె గొంతు బాగుందని ఎవరూ తలెత్తి చూడలేదు. బస్సు ఆలస్యమైతే మాత్రం, దాన్ని ఆమే ఎక్కడో దాచిపెట్టినట్టు అందరూ గాజు గది వైపు కళ్ళెర్రజేసేవారు.

గొంతు డాక్టరు చిన్న అద్దం పెట్టి చూసి, "పనిచేసే చేతులకి కాయలు కాస్తాయి చూడండి, మీకు గొంతులో కాశాయి. కొన్ని నెలలు దానికి సెలవివ్వాలి" అన్నాడు.

"గొంతుకి సెలవిస్తే మా డిపోవాళ్ళు నాకూ ఇచ్చేస్తారండీ, శాశ్వతంగా" అని ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలోనే తెగిపోయింది.

డాక్టరిచ్చిన మందుబిళ్ళల సంగతి ఇంట్లో చెప్పింది కానీ కాయల సంగతి చెప్పలేదు. పాటల బృందంలో అసలే చెప్పలేదు.

ఆ బృందం ఒక్కటే ఆమె తనకోసం ఉంచుకున్నది. వారంలో రెండు సాయంత్రాలు పాత టౌన్ హాల్లో సాధన జరిగేది. పాడేవాళ్ళంతా పనులు ముగించుకుని వచ్చేవాళ్ళే. పాడించేది రిటైరైన డ్రాయింగు మాస్టారు. మైకక్క రెండో వరసలో, కిందిస్థాయి గొంతులవాళ్ళ మధ్య నిలబడేది. పక్కన టైలరమ్మ. ఆమె ఎప్పుడొచ్చినా బట్టలకు దారపు ముక్కలు అంటుకునే ఉండేవి.

ఆ హాలు కట్టి నూరేళ్ళు దాటింది. ఎత్తయిన కప్పు, చెక్క దూలాలు, వాటి మధ్య ఉబ్బిపోయిన సున్నపు పూత. ఒకసారి అందరూ గొంతెత్తి తారస్థాయికి వెళ్ళగానే పైనుంచి అరచేయంత పెచ్చు ఊడి టైలరమ్మ భుజం పక్కన పడింది. పాటకే ఊడిందో, అది ఊడే సమయానికి వీళ్ళు పాడుతున్నారో ఎవరూ తేల్చలేదు. అప్పటినుంచీ పాట పైకి వెళ్ళబోతే చాలు, మాస్టారి అరచెయ్యి నేలవైపు వాలేది. అందరూ గొంతు తగ్గించి, ఊపిరిలో కలిపి పాడేవారు. దానికి వాళ్ళే ఒక పేరు పెట్టుకున్నారు, పెచ్చు గొంతు అని. కొత్తగా చేరినవాళ్ళకు స్వరాల కన్నా ముందు అదే నేర్పేవారు.

మైకక్కకు ఆ హాలు అందుకే పెట్టని కోటయింది. గొంతు ఏడాదిగా పాడవుతూ వస్తోంది. పైకెళితే చీలిపోతోంది. కానీ అక్కడ ఎవరూ పైకి వెళ్ళరు గదా! అందరి ఊపిరిలో ఆమె ఊపిరీ కలిసిపోయేది.

ఇంతలో పురపాలక సంఘం వాళ్ళు వచ్చి కప్పు చూసి వెళ్ళారు. బాగుచేయించుకుంటే సరే, లేదంటే హాలుకు తాళం వేసేస్తామన్నారు. దాంతో బృందం ఒక కచేరీ చేసి విరాళాలు పోగుచేయాలని నిర్ణయమైంది. కచేరీ బడి ఆడిటోరియంలో. సాధన కూడా అక్కడికే మారింది.

మొదటి సాయంత్రం పాట ఎత్తుకున్నారు. తారస్థాయి దగ్గరికి రాగానే వరసలన్నీ ఒక్కసారి తలలెత్తి పైకి చూశాయి. గొంతులు వాటంతటవే దిగిపోయాయి.

మాస్టారు నెత్తి కొట్టుకున్నారు. "పైకేం చూస్తారమ్మా? ఇది సిమెంటు కప్పు. ఇదే ఊడిపడితే మన పాట బాగోలేదని చెప్పడానికి కూడా ఎవరూ మిగలరు. నోళ్ళు తెరవండి!"

అందరూ నవ్వి, నోళ్ళు తెరిచారు. మైకక్క కూడా తెరిచింది. పాతచీర చిరిగినట్టు ఒక చప్పుడు వచ్చింది. ముందు వరసలోవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆమె దగ్గు తెచ్చుకుని, "జలుబు" అంది.

ఆ తర్వాత ప్రతి సాధనకూ ఆమెకు జలుబే. ఒకరోజు ఇంటికి నడుస్తూ టైలరమ్మ అడిగింది.

"అక్కా, ఈ జలుబేంటి, అద్దెకు దిగినట్టుంది? ఖాళీ చెయ్యదా?"

"నీకెందుకే?"

"పక్కన నిలబడేదాన్ని, నాక్కాకపోతే ఎవరికి? నువ్వు పాడట్లేదు. పెదాలాడిస్తున్నావు."

మైకక్క వెనక ఎవరూ రావట్లేదని చూసుకుంది. తర్వాత డాక్టరు చెప్పిందంతా చెప్పింది. "మాస్టారికి చెప్పకు. ఆ కప్పు అలాగే ఉంటే ఇంకొన్నాళ్ళు నెట్టుకొచ్చేదాన్ని. బాగుచేశాక ఇంక ఎవరు గొంతు తగ్గిస్తారు? నేను వరసలో ఉండి ఏం లాభం?"

"అయితే బాగుచెయ్యకూడదా?"

"చెయ్యకపోతే తాళం వేస్తారు."

"మరి ఏం కావాలి నీకు?"

"పడుకోవాలి" అంది మైకక్క. అది నిజమే. ఆమెకు కోరుకునే ఓపిక కూడా మిగల్లేదు.

కచేరీ రోజు ఆమెకు మధ్యాహ్నం దాకానే డ్యూటీ. కానీ దారిలో ఎక్కడో లారీ తిరగబడి, బస్సులన్నీ ఆగిపోయాయి. బస్టాండు కిక్కిరిసిపోయింది. బదులు రావలసిన మనిషి ఆగిపోయిన బస్సుల్లోనే ఒకదాంట్లో ఉన్నాడు. సాయంత్రం దాకా మైకక్క అవే మాటలు మళ్ళీ మళ్ళీ చెప్పింది. చివరికి "దయచేసి" అనే మాటలో మొదటి అక్షరం మాత్రమే మైకులోకి వెళ్ళింది.

ఆడిటోరియం వెనక గదిలో మాస్టారు కుర్చీల లెక్క తప్పిందని ఎవరితోనో తగాదా పడుతున్నారు. చొక్కా చెమటతో వీపుకు అతుక్కుపోయింది. మైకక్క ఆయన్ని పక్కకు పిలిచి, గాలితోనే మాట్లాడింది.

"మాస్టారూ, నాకు గొంతు లేదండీ. ఇవాళని కాదు. ఏడాదిగా లేదు."

ఆయన ఆమెను చూసి, గోడకానుకున్నారు. ఆశ్చర్యపోలేదు, ఓదార్చలేదు.

"నిలబడగలరా?"

"నిలబడతాను."

"అయితే నిలబడండి. వరసలో సందుంటే బాగోదు. మిగతాది రేపు మాట్లాడుకుందాం తల్లీ, ఇవాళ నా బుర్ర పనిచెయ్యట్లేదు."

నిలబడింది. పాటలు ఒకదాని వెంట ఒకటి బాగా వచ్చాయి. వీళ్ళకింత గొంతులున్నాయా అని వీళ్ళకే తెలీనంత బాగా వచ్చాయి. ఏ పాటలోనూ ఆమె లేని లోటు తెలియలేదు. ఆమె వింటూ నిలబడింది. రోజంతా ఎవరూ పట్టించుకోని మాటలకు ఉన్న గొంతంతా పోసి, ఇక్కడికి ఖాళీ చేతులతో వచ్చానని అప్పుడు అర్థమైంది ఆమెకు. కోపం రాలేదు. కాళ్ళు మాత్రం లాగాయి.

చివరిది మెల్లని పాట. మాస్టారి అరచెయ్యి నేలవైపు వాలింది. అందరూ పెచ్చు గొంతులోకి దిగారు. మైకక్క ఊపిరి తీసుకుంది. సన్నటి పోగులాంటిదేదో వచ్చింది. రెండు చరణాల మధ్య తెగి, మళ్ళీ వచ్చింది. టైలరమ్మ అటు తిరగలేదు కానీ, మోచేత్తో పొడిచింది.

కచేరీ అయ్యాక భర్త అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. కచేరీ అంతా ఆవిడ ముందు వరసలో కూర్చుని, పాట నడుస్తుండగానే చప్పట్లు కొట్టింది.

"అందరికన్నా నువ్వే బాగా పాడావమ్మా" అంది ఆవిడ. "నోరు ఎంత బాగా తెరిచావు!"

మైకక్క నవ్వు ఆపుకోలేకపోయింది. చప్పుడు లేకుండా, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. భర్తకు భయం వేసి మంచినీళ్ళ సీసా అందించాడు. ఇంటికి వెళ్ళే దారిలో అతనికి కాయల సంగతి చెప్పింది. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాడు. "చెప్పడానికి గొంతుండాలి గదా" అంది.

మర్నాడు డిపో మేనేజరు దగ్గరికి వెళ్ళింది.

"పార్సిల్ గదికి మార్చండి సార్."

"మైకు అలవెన్సు పోతుందమ్మా. పైగా అక్కడ దుమ్ము."

"పోనివ్వండి. దుమ్ముకి గుడ్డ కట్టుకుంటాను."

"మరి ఆ మైకులో మాట్లాడేదెవరు?"

"ఎవరైనా సరే సార్. ఎలాగూ ఎవరూ వినరు."

విరాళాలు మొత్తం కప్పుకు చాల్లేదు. సగం కప్పుకే చాలాయి. హాలు చుట్టూ పరంజా కట్టి పని నడుస్తోంది. సాధన ఇంకా బడి ఆడిటోరియంలోనే. పోయిన గొంతు రాదనీ, ఉన్నది ఉంటుందనీ డాక్టరు చెప్పాడు. మాస్టారితో మాట్లాడుకుని, మైకక్క మెల్లని పాటలకు మాత్రం పాడుతోంది, మిగతావాటికి కూర్చుంటోంది. ఇంట్లో అత్తగారి కోసం అరిచే పని ఇప్పుడు భర్తది. ఆమె పగలంతా పార్సిల్ గదిలో పెట్టెలకు చీటీలు అంటిస్తుంది. అక్కడ ఎవరితోనూ మాట్లాడాల్సిన పని లేదు.