పసుపు మరకలు పోయిన బొమ్మల పుస్తకం

సిగ్గుతోనే రాస్తున్నాను. మా ఈడు వాళ్లకు గుర్తుందా, బొమ్మల కథల పుస్తకం అట్ట చిరిగితే అన్నం మెతుకులతో అతికించేవాళ్లం? దాచుకున్న అలాంటి పుస్తకం ఒకటి మొన్న తెనాలిలో బాగుచేయించాను.

“పేజీల మీద మరకలున్నాయండి, తీసేయమంటారా?” అని అడిగాడు బైండింగ్ చేసే అతను.

“ఒక్కటీ ఉండకూడదండి” అన్నాను.

నిన్న రేపల్లె నుంచి అక్క వస్తే గొప్పగా చేతిలో పెట్టాను. పేజీలన్నీ తిప్పి, మూలలు వాసన చూసింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. దుగ్గిరాల యార్డులో పసుపు బస్తాలు మోసి వచ్చిన నాన్న, చేతులైనా కడుక్కోకుండా మా ఇద్దరి మధ్య కూర్చుని చదివి వినిపించేవాడు. ప్రతి పేజీ మూలా నాన్న వేలిముద్ర పసుప్పచ్చగా ఉండేది.

“ఇందులో నాన్న ఏడిరా?” అంది అక్క.

ఆ తెల్లటి పేజీ మీద నుంచి తలెత్తలేకపోయాను.