తలపాగాలో గాలాల డబ్బా

ప్రసాదన్నా, నిన్న మన ఫ్లాట్‌లో అందరి ముందూ “గాలాల డబ్బా నెత్తికి కట్టుకుంటావా? ఊరి వేషాలు ఈ న్యూజిలాండ్‌లో వద్దురా” అన్నావు కదా. సరేనని ఈ రోజు నువ్విచ్చిన నడుం సంచీతోనే ఏట్లో దిగాను. నీళ్లు నడుం దాటగానే సంచీ తేలి వీపు వెనక్కి పోయింది. ఒక చేత్తో గాలం కర్ర పట్టుకుని, రెండో చేత్తో డబ్బా కోసం తడుముకుంటుంటే ట్రౌట్ చేప నా కళ్ల ముందే ఎగిరి మునిగింది.

ఇక లాభం లేదని మెడలో తువ్వాలు తీసి డబ్బాని నెత్తిన కట్టాను. రెండడుగులకే జారింది. మళ్లీ కట్టాను, మళ్లీ జారింది. నేను బడి మానేసిన ఏడాది మా మావయ్య నన్ను చేపలకి కాలవలోకి తీసుకెళ్లేవాడు. తలపాగా తనే కట్టేవాడు. నేనెప్పుడూ నేర్చుకోలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు.

విసుగొచ్చి తువ్వాలు నీళ్లలో ముంచాను. అప్పుడు గుర్తొచ్చింది. “పొడిగుడ్డ జారుద్ది అల్లుడూ, తడిపి కట్టాలి” అనేవాడు. చల్లటి నీళ్లు వీపు మీదుగా కారుతుంటే నేను కేకలేసేవాణ్ణి, ఆయన నవ్వేవాడు. తడిపి కట్టాక తువ్వాలు కదిలితే ఒట్టు.

అవతల చేపలు పడుతున్న కివీ పెద్దాయన “తలకి దెబ్బ తగిలిందా బాబూ?” అని అరిచాడు.

“లేదంకుల్, ఇది నా సంచీ!”

చేప పడలేదు. అయినా సాయంత్రం దాకా తువ్వాలు విప్పబుద్ధి కాలేదు. మన ఫ్లాట్‌లోవాళ్లంతా నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, మీ ఇళ్లలో ఏట్లో దిగేవాళ్లు సామాను ఎక్కడ పెట్టుకునేవారో చెప్పండి. షిఫ్ట్‌కి టైమైంది, పోతున్నా.